తుంగలంక బడికి ఇరవై అయిదో పేరు

ముసలయ్య మాస్టారిని నేను మొదటిసారి చూసేనాటికి ఆయనకు ముప్పై ఆరేళ్ళు. పేరు మాత్రం పుట్టినప్పటి నుంచీ ముసలయ్యే, తాతగారి పేరట. తుంగలంక నుంచి ముసలయ్య అనే టీచరు వచ్చి బయట నిలబడ్డారని ఆఫీసులో కబురు చెప్పగానే, ఎవరో రిటైరు కాబోయే పెద్దమనిషి అనుకుని నేను కుర్చీ వేయించాను. లోపలికి వచ్చినవాడు నల్లగా, సన్నగా, తలకు నూనె రాసుకుని, ఉతికిన పంచె మోకాళ్ళ దాకా తడుపుకుని వచ్చిన మనిషి. ఆ కుర్చీ తన కోసమే వేశారంటే ఆయన చివరిదాకా నమ్మలేదు. మాట్లాడినంతసేపూ దాని పక్కన నిలబడే ఉన్నాడు.

ఇది 1957లో సంగతి. ఏలూరులో స్కూళ్ళ ఆఫీసు అని జనం పిలిచే ఆఫీసులో నేను గుమస్తాని. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందన్న కబురు పిల్లల్ని కన్నవాళ్ళకు పదేళ్ళు ఆలస్యంగా అందినట్టుంది, ఆ రెండేళ్ళలో అందరూ ఒక్కసారి బళ్ళ మీద పడ్డారు. తణుకులో ఫ్యాక్టరీ పనివాళ్ళ పిల్లలు, దెందులూరు వైపు రైతుల పిల్లలు, ఎక్కడ చూసినా పిల్లలే. తాడేపల్లిగూడెంలో ఒక స్కూల్లో ఒకటో తరగతిలో నూట నలుగురు ఉండేవారు. గదిలో అరవై మంది, వరండాలో మిగతావాళ్ళు. వానొస్తే వరండా వాళ్ళకు సెలవు. ఆ హెడ్మాస్టరు వారం వారం వచ్చి నా బల్ల ముందు నిలబడేవాడు. "ఒక్క టీచర్నివ్వండి సుందరరావు గారూ, ఒక్కణ్ణి" అని ప్రాధేయపడేవాడు. కొత్త పోస్టులు లేవని పైవాళ్ళు తేల్చి చెప్పారు. అందుకని మా ఆఫీసులో ఒక ఉపాయం ఆలోచించారు. ఇరవై అయిదు మంది కూడా రాని ఊళ్ళలో బడి మూసేసి, అక్కడి టీచరును పట్నం స్కూలుకు తెచ్చుకోవడం. ఏ బళ్ళు మూయాలో జాబితా రాసే పని నాకు అప్పగించారు. నా దస్తూరీ బాగుంటుందని నాకు పేరు. తొమ్మిది బళ్ళ పేర్లు చక్కగా వరస పెట్టి రాశాను. ఆరోది తుంగలంక. టీచరు ఒకరు, పిల్లలు పదిహేడు మంది.

కొల్లేరులో పడవ మీద తప్ప చేరలేని లంక అది. నలభై గడప. అందరూ చేపల మీద బతికేవాళ్ళే. ఆ లంకలో మొదట అక్షరం నేర్చినవాడు ముసలయ్య. ఆకివీడులో మేనత్త ఇంట్లో ఉండి ఎనిమిదో తరగతి దాకా చదివి, ట్రైనింగయ్యాడు. తణుకులో ఉద్యోగమిస్తామంటే వద్దని, అడిగి మరీ తన లంకకే వేయించుకున్నాడు. ఆ ఏడు వేయించుకోవడానికి అక్కడ బడే లేదు. తాటాకు పాక తనే వేసి, పిల్లల్ని పోగేసి, అప్పుడు మా ఆఫీసుకు అర్జీ పెట్టాడు. పద్నాలుగేళ్ళలో రెండుసార్లు గాలివానకు పాక లేచిపోయింది. రెండుసార్లూ మళ్ళీ తనే వేసుకున్నాడు. ఇదంతా ఆయన చెప్పలేదు, పాత ఫైళ్ళు తిరగేసి నేను తెలుసుకున్నాను. ఆయన ఆ రోజు చెప్పింది రెండు ముక్కలే.

"నన్నెక్కడికి వేసినా వెళతానండి. బడి మాత్రం ఉంచండి. పక్క లంకలో బడికి మా వాళ్ళు రోజూ వెళ్ళలేరండి. నీళ్ళ మీద మూడు మైళ్ళు. గాలి తిరిగిందంటే పెద్దవాళ్ళకే కష్టం."

నాకు విసుగొచ్చింది. ప్రతి ఊరివాడూ వచ్చి ఇదే పాట పాడుతున్నాడు. తాడేపల్లిగూడెం స్కూలు రిజిస్టరు ఆయన ముందు పడేసి, "ఇది చూడండి, ఒక తరగతిలో నూట నలుగురు! మీకు పదిహేడు మందికి ఒక టీచరా? మీరే చెప్పండి న్యాయం!" అన్నాను. ఆయన ఆ అంకె వంక చాలాసేపు చూశాడు. నాతో వాదిస్తాడనుకున్నాను.

"పాపం, ఆ మాస్టారు ఎలా చెబుతున్నారండీ అంతమందికి?" అన్నాడు.

ఆ మాటకు నా విసుగంతా ఎటు పోయిందో తెలియదు. ఆయన్ను పంపేసి డిప్యూటీ ఇన్‌స్పెక్టరు హనుమంతరావు గారి గదిలోకి వెళ్ళి, తుంగలంక ఒకసారి కళ్ళారా చూస్తే మంచిదండీ అన్నాను. ఆయన భారీ మనిషి, పడవ అంటే భయం. నా మీద మండిపడ్డారు. అయినా నవంబరులో బయల్దేరారు, నన్నూ వెంట లాక్కెళ్ళారు.

మేం వెళ్ళేసరికి పాక నిండా పిల్లలే. నేను లెక్కపెట్టాను. లెక్కపెట్టడం నాకొక జబ్బు; పెళ్ళికి వెళితే విస్తళ్ళు లెక్కపెడతాను, రైల్లో స్టేషన్లు లెక్కపెడతాను. ఇరవై ఆరుగురు! హనుమంతరావు గారు నా వంక గుర్రుగా చూశారు. తప్పుడు జాబితా రాశావా అని ఆ చూపు. పాక గుమ్మంలో సూరమ్మ అనే పెద్దావిడ చేతులు కట్టుకుని నిలబడి ఉంది. ముఖం వెలిగిపోతోంది.

ముసలయ్య రిజిస్టరు తెరిచి పదిహేడు పేర్లు పిలిచి, మూసేశాడు.

"మిగతావాళ్ళ పేర్లో?" అన్నారు హనుమంతరావు గారు.

"వీళ్ళు మా బడి పిల్లలు కారండి. పొద్దున్నే వచ్చి కూర్చున్నారు. నాకూ ఇప్పుడే తెలిసింది" అన్నాడు ముసలయ్య, తల వంచుకుని.

సంగతేమిటంటే, ఆఫీసరు లెక్క చూడ్డానికి వస్తున్నాడని విని సూరమ్మ తెల్లారగట్లే దోనె వేసుకుని పక్క లంకకు వెళ్ళి తొమ్మిది మంది కుర్రాళ్ళను అరువు తెచ్చింది. అక్కడ అది తప్పేమీ కాదు. వల చిరిగితే పక్క లంకలో వల అడుగుతారు, దోనె కారితే దోనె అడుగుతారు, పెళ్ళికి గుండిగ అడుగుతారు. పని కాగానే తిరిగి ఇచ్చేస్తారు. పిల్లల్ని కూడా అలాగే అడిగింది, వాళ్ళూ అలాగే ఇచ్చారు.

"ఎందుకు చెప్పావయ్యా మాస్టారూ! సాయంత్రం అప్పచెప్పేద్దును కదా!" అని సూరమ్మ అందరి ముందే ముసలయ్యను కేకలేసింది. అరువొచ్చిన పిల్లలు తొమ్మిది మందీ ఏం తప్పు చేశామో తెలియక బిక్కముఖాలు వేశారు. హనుమంతరావు గారికి కోపం రావలసింది. నవ్వొచ్చింది, ఆ నవ్వు ఆపుకోవడానికి కొబ్బరిబొండం అడిగి తాగుతూ కూర్చున్నారు.

నేను పని లేక బయటకొచ్చాను. పాక వెనక ఎండలో చాపల మీద చేపలు ఆరబెట్టి ఉన్నాయి. కాకులు రాకుండా కర్రలు పట్టుకుని పిల్లలు కాపలా కాస్తున్నారు. నా జబ్బు ఊరుకుంటుందా? ఒకటి, రెండు, మూడు... పదకొండు మంది. అందరూ ఆరేళ్ళ నుంచి పదేళ్ళ లోపువాళ్ళు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో పసిబిడ్డ.

ముసలయ్య నా వెనకే వచ్చాడు.

"వీళ్ళెవరండీ?" అన్నాను.

"వీళ్ళాండి? ఆడపిల్లలండి" అన్నాడు.

"ఏ లంక పిల్లలు?"

"మా పిల్లలేనండి. మన తుంగలంకే."

"బడిలో లేరేం?"

ఆయన నా వంక చూశాడు. ఆ పిల్లల వంక చూశాడు. నిజం దాస్తున్న ముఖం కాదది. పద్నాలుగేళ్ళుగా కళ్ళెదుట ఉన్నదాన్ని ఆ క్షణాన చూసిన ముఖం. తెల్లారగట్ల దోనె వేసుకుని మూడు మైళ్ళు వెళ్ళి పిల్లల్ని అరువు తెచ్చిన సూరమ్మకు గానీ, బడి పోతుందని ఏలూరు దాకా వచ్చి నిలబడిన ఈయనకు గానీ, పాక వెనక ఉన్న ఈ పదకొండు మందీ లెక్కలోకి వస్తారని తోచలేదు.

చివరనున్న పిల్ల కాకిని తోలి, చంకలో బిడ్డను సర్దుకుని మా వైపు చూసి నవ్వింది. "అది మా అమ్మాయేనండి. అమ్మాజీ" అన్నాడు ముసలయ్య.

ఆయన్ను అనడానికి నాకు మాత్రం నోరెక్కడిది? మా ఆఫీసు లెక్కల పుస్తకంలో ప్రతి బడికీ బాలురకు ఒక గడి, బాలికలకు ఒక గడి ఉంటాయి. తుంగలంక బాలికల గడిలో ఆరేళ్ళుగా నేనే అడ్డగీత పెడుతున్నాను. ఒక్క ఏడైనా ఎందుకు లేరని అడగలేదు. ఆ రోజు నాకు నా మీద ఎంత రోత పుట్టిందో చెప్పలేను.

హనుమంతరావు గారు అంతా విన్నారు. బొండం కింద పెట్టి, "మాస్టారూ, డిసెంబరు ఇరవయ్యో తారీఖున మళ్ళీ వస్తాను. నా కళ్ళెదుట మీ లంక పిల్లలు ఇరవై అయిదు మంది కూర్చుంటే జాబితాలోంచి ఈ బడి కొట్టేస్తాను. ఒక్కరు తగ్గినా నేనేం చెయ్యలేను. అవతల వరండాలో కూర్చున్నవాళ్ళూ పిల్లలే కదండీ" అన్నారు. ఆ మాట కఠినంగా అనలేదు.

ఆ నెల రోజుల్లో అక్కడేం జరిగిందో తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ముసలయ్య గడప గడపకూ తిరిగాడు. ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట. "పంపుతాం బాబూ, మరి చంటిదాన్ని ఎవరెత్తుకుంటారు? కాకుల్నెవరు తోల్తారు?" పొద్దున్నే మగవాళ్ళు వలలకు వెళతారు, ఆడవాళ్ళు గంపలెత్తుకుని చేపలమ్మడానికి వెళతారు. ఇంట్లో మిగిలేది ఈ పిల్లలే. వాళ్ళు బడికొస్తే లంకలో పని ఆగిపోతుంది. అది వాళ్ళ మొండితనం కాదు, నిజం.

ముసలయ్య రెండు రోజులు ఆలోచించి, బడి దూలాలకు పాతచీరలు కట్టించి ఉయ్యాలలు వేశాడు. ముందు నాలుగు, తర్వాత ఏడు. పిల్లలు ఎక్కం చదువుతూ కాలితో ఉయ్యాల ఊపుతారు. ఏడిస్తే ఎత్తుకుంటారు, ఊరుకుంటే దింపుతారు. కాకుల సంగతి సూరమ్మ చూసుకుంది. "నా మూలంగా మాస్టారు ఆఫీసరు ముందు తలొంచుకున్నాడు" అని ఆవిడకు మనసులో ఉండిపోయిందట. కాలు సరిగా లేక వలకు వెళ్ళని ఇద్దరు ముసలాళ్ళను వెంటేసుకుని, లంక చేపలన్నీ ఒక్కచోటే ఆరబోయించి, పొద్దస్తమానం కర్ర పట్టుకుని కూర్చుంది.

అలా పదకొండు మందిలో తొమ్మిది మంది వచ్చారు. రాని ఇద్దరిలో ఒకపిల్ల తల్లి ససేమిరా అంది. రెండోపిల్ల అమ్మాజీ.

మాస్టారి భార్య పెద్దింటమ్మ గట్టి మనిషి. భర్తను ఏవండీ అని కూడా పిలవదు, ఊరంతా మాస్టారంటుంది గనుక తనూ మాస్టారూ అనే పిలుస్తుంది. రోజూ ఆకివీడు వెళ్ళి చేపలమ్ముకొస్తుంది. ఏడో నెల బిడ్డ అమ్మాజీ చంకలో పెరుగుతోంది. "ఆ బిడ్డ ఉయ్యాల్లో ఊరుకోదు మాస్టారూ, దానికి అక్క చంకే కావాలి. ఊళ్ళోవాళ్ళందర్నీ పోగేసుకోండి, దీన్నొదిలెయ్యండి" అని తేల్చేసింది. ఆయన మళ్ళీ అడగలేకపోయాడు. మొదటి పదేళ్ళూ, జీతం ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, ఆమె గంప మీదే ఇల్లు నడిచింది. ఆ కృతజ్ఞత ఆయన నోరు కట్టేసింది.

అయితే రిజిస్టరులో మాత్రం అమ్మాజీ పేరు చివర రాశాడు. రోజూ అందరి పేర్లూ పిలిచి ఆఖర్న ఆ పేరు పిలిచేవాడట. ఎవరూ పలికేవారు కారు. రాలేదని గుర్తు పెట్టుకుని పుస్తకం మూసేవాడు. బడికీ ఆయన ఇంటికీ మధ్య యాభై గజాలుండదు. ఆ పిలుపు ఇంట్లోకి వినపడేది.

డిసెంబరు ఇరవయ్యో తారీఖు పొద్దున్నే మా పడవ లంకకు చేరేసరికి ముసలయ్య ఒడ్డున నిలబడి ఉన్నాడు. ముఖంలో నెత్తురు లేదు. నా చెవిలో, "ఇరవై నలుగురేనండి" అన్నాడు. ఒక కుర్రాణ్ణి తండ్రి వలకు తీసుకెళ్ళిపోయాడు, ఒక ఆడపిల్లకు జ్వరం.

"మీ అమ్మాయి ఏదండీ?" అన్నాను.

"మా ఇంటిది ఆకివీడు వెళ్ళాలండి. చంటిదాన్ని..."

"ఊరందరి పిల్లల్నీ తెచ్చి సొంత పిల్లని ఇంట్లో పెట్టుకున్నారా? బుద్ధుండక్కర్లేదుటండీ!" నేను అరిచాను. ఒక టీచరును ఒడ్డున నిలబెట్టి అలా అరవడం మర్యాద కాదు. పడవలో వచ్చినంతసేపూ ఏం కోరుకోవాలో తెలియక నలిగిపోయాను. తాడేపల్లిగూడెం హెడ్మాస్టరు మొన్ననే వచ్చి, "ఈసారి ఖాయమే కదండీ?" అని అడిగి వెళ్ళాడు. ఖాయమేనన్నాను. ఇక్కడ ఒడ్డున అడుగు పెట్టగానే తెలిసింది, ఈ బడి ఉండాలని నేనెంత కోరుకుంటున్నానో.

ముసలయ్య, "ఆయ్, నిజమేనండి. బుద్ధి లేకే" అన్నాడు. అంతకంటే నన్ను తిట్టినా బాగుండేది.

పాకలో ఒక పక్క మగపిల్లలు, ఒక పక్క ఆడపిల్లలు. పైన ఏడు ఉయ్యాలలు. హనుమంతరావు గారు తలకు ఉయ్యాల తగలకుండా వంగి నడిచి, కుర్చీలో కూర్చుని, "పిలవండి మాస్టారూ" అన్నారు. ముసలయ్య పిలవడం మొదలుపెట్టాడు. ఒక్కొక్కరే లేచి "వచ్చానండి" అంటున్నారు. నేను వేళ్ళ మీద లెక్కపెడుతున్నాను. మగపిల్లలు పదహారు. ఆడపిల్లలు ఒకటి, రెండు... ఎనిమిది. ఇరవై నాలుగు. గుమ్మంలో సూరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. హనుమంతరావు గారు కూడా లెక్కపెట్టే ఉన్నారు. కలం మూత తీసి, మళ్ళీ పెట్టి, కిటికీలోంచి నీళ్ళ వైపు చూస్తూ కూర్చున్నారు.

చివరి పేరు మిగిలింది. రోజూ పిలిచినట్టే ముసలయ్య పిలిచాడు.

"అమ్మాజీ."

ఎవరూ పలకలేదు. ఆయన రిజిస్టరు మీద కలం ఆనించాడు.

"అమ్మాజీ!" అని ఇంకోసారి పిలిచాడు. ఎప్పుడూ రెండోసారి పిలవలేదట.

బయట గబగబా అడుగుల చప్పుడైంది. గుమ్మంలో ఉన్నవాళ్ళు తప్పుకున్నారు. పెద్దింటమ్మ గుమ్మంలోకి వచ్చింది. చేపల గంప లేదు. ఆకివీడు వెళ్ళే దోనెలు అప్పటికే బయల్దేరి గంట అయింది. చంకలో చంటిపిల్ల, అక్క కోసం చేతులు చాచి గుక్కపట్టి ఏడుస్తోంది. రెండో చేత్తో పెద్దింటమ్మ అమ్మాజీని వీపు మీద చెయ్యి వేసి లోపలికి తోసింది. ఆ పిల్ల తలకు నూనె రాసి, గట్టిగా జడ వేసి ఉంది. వచ్చి ఆడపిల్లల వరస చివర నిలబడింది. చంక ఖాళీగా ఉంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"వచ్చానండి" అంది, తండ్రి వంక చూసి.

ముసలయ్య కలం ఎత్తాడు గానీ రాయలేకపోయాడు. కళ్ళ నీళ్ళు రిజిస్టరు మీద పడతాయని తల పక్కకు తిప్పుకున్నాడు. చంటిపిల్ల ఏడుపొక్కటే వినపడుతోంది. నాకూ కళ్ళు కనపడడం లేదు, నేను దాచుకోనూ లేదు.

పెద్దింటమ్మ బిడ్డను భుజం మీద వేసుకుని జోకొడుతూ, "రాసెయ్యండి మాస్టారూ" అంది. "రేపటికి ఇదీ ఉయ్యాల అలవాటు చేసుకుంటాది."